కరివేపాకును తినే పురుగు సీతాకోకచిలుక పిల్లే

ప్రశ్న: మేడ మీద కుండీలలో బంతి, నూరువరహాలు, గులాబీ పెంచుతున్నాము. సీతాకోకచిలుకలు వచ్చి కాసేపు తిరిగి వెళ్ళిపోతున్నాయే తప్ప గుడ్లు పెట్టడం లేదు. ఏ మొక్కలు పెంచాలి? కరివేపాకును, నిమ్మను పురుగు తినివేస్తున్నందున వేపనూనె పిచికారీ చేస్తున్నాము. దాని వల్ల సీతాకోకచిలుకలకు హాని ఉంటుందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: గుడ్లు పెట్టడం లేదని మీరు అనుకుంటున్నారు గానీ, మీరు వేపనూనె చల్లి పోగొడుతున్న పురుగులు చాలావరకు వాటి పిల్లలే అయి ఉంటాయి. పసుపు, నలుపు మచ్చల నిమ్మ సీతాకోకచిలుక, నల్లని వెనుక రెక్కల మీద తెల్లమచ్చల వరుస ఉండే కామన్ మార్మన్ నిమ్మజాతి మొక్కల లేత ఆకుల మీద ఒక్కొక్క గుడ్డుగా పెడతాయి. కరివేప కూడా ఆ కుటుంబానికి చెందినదే. పిల్లపురుగు మొదట పిట్టరెట్టలా కనిపిస్తుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. తాకితే తల వెనుక నుంచి రెండు పాయల కొమ్మువంటి అవయవాన్ని బయటకు తీసి ఘాటైన వాసన వదులుతుంది. చూడడానికి భయం గొలిపినా మనుషులకు దాని వల్ల ప్రమాదం లేదు, ఒంటి మీద దురద పుట్టించే నూగు కూడా ఉండదు.

వంటకు ఒక కరివేప మొక్కను ఉంచుకొని దానికి సన్నని వల కప్పండి, మరొకదాన్ని పురుగులకు వదిలివేయండి. వంట మొక్క మీద పురుగు కనిపిస్తే అది ఉన్న ఆకును తుంచి రెండో మొక్క మీద పెడితే చాలు. వేపనూనెతో పాటు, సేంద్రియమైనదన్న పేరుతో అమ్మే బి.టి. మందును (ఒక రకం బాక్టీరియాతో చేసిన పురుగుమందు) కూడా వాడకండి. అది గొంగళిపురుగులను చంపడానికి తయారైనదే.

పువ్వుల వల్ల పెద్ద సీతాకోకచిలుకకు తేనె దొరుకుతుంది, అంతే. గుడ్లు పెట్టే ఆడది ఆకును కాళ్ళతో తాకి రుచి చూసి, తన పిల్ల తినగల మొక్క అయితేనే గుడ్డు పెడుతుంది. తంగేడు, రేల మొక్కలకు లేతపసుపు రంగు ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకలు వస్తాయి, ఆముదానికి గోధుమరంగు క్యాస్టర్ సీతాకోకచిలుక వస్తుంది. అయితే ఆముదపు గింజలు విషం కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో దాన్ని పెంచవద్దనే నా సలహా.

నన్ను అడిగితే మేడ మీదికి జిల్లేడు, గంగవాయిలకూర జంటను మించినది లేదు. ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పిల్లలు జిల్లేడు ఆకు తిని అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి, అందువల్ల పక్షులు పెద్ద సీతాకోకచిలుకను కూడా ముట్టవు. గంగవాయిలకూర మీద పెరిగే డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో సీతాకోకచిలుకకు ఆ విషం లేదు, కానీ దాని ఆడది అచ్చంగా ప్లెయిన్ టైగర్ వేషంలో తిరిగి పక్షులను ఏమారుస్తుంది. మగది నల్లని రెక్కల మీద గుండ్రని తెల్లమచ్చలతో వేరే జాతి అనిపించేలా ఉంటుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి కొమ్మలు కత్తిరించేటప్పుడు జాగ్రత్త అవసరం.

బాగా ఎదిగిన పురుగు ఒక్కోసారి తాను తిన్న మొక్కను విడిచి గోడకో, కుండీ అంచుకో, పక్క మొక్క కొమ్మకో చేరి ప్యూపాగా (సీతాకోకచిలుకగా మారే ముందు కదలకుండా ఉండే గూడు దశ) మారుతుంది. పురుగు మాయమైందంటే కాకి తిన్నదనే అనుకోనక్కరలేదు. మేడ ఊడ్చేటప్పుడు, ఎండుకొమ్మలు తీసివేసేటప్పుడు ఒకసారి వెతికి చూడండి.