ముందు నీళ్ళ సంగతి చూడు అల్లుడూ

కర్నూలు,
ఆదివారం పొద్దున

అల్లుడికి మామ దీవెనలు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో చూసినా. తొమ్మిది ప్యాకెట్లు. డార్జిలింగ్ రెండు, అస్సాం ఒకటి, నీలగిరి ఒకటి, గ్రీన్ టీ, మల్లెపూల టీ, ఎర్ల్ గ్రే, మందారం బొమ్మ ఉన్నదొకటి, చాక్లెట్ టీ అంట ఇంకొకటి. కింద నీ ఏడుపు: "అన్నీ తాగినా మామా, అన్నీ ఒకటే మాదిరి ఉండాయి, రంగు నీళ్ళు. నా నాలుకే మంచిది కాదేమో."

నాలుకకేం రోగం రా! ఉగ్గానిలో చిటికెడు ఉప్పు తక్కువైతే మీ అమ్మ మీద ఎగిరే నాలుక అది. నువ్వు సోమవారం ఒకటి తాగినావు, గురువారం ఇంకొకటి తాగినావు. ఒకనాడు చెంచా నిండుగా వేసుంటావు, ఒకనాడు సగం. మూడు రోజుల కిందటి టీ రుచి ఎవరికి గుర్తుంటుంది? ముప్పై ఏళ్ళు కర్నూలు పాతబస్తీలో టీ పొడి అమ్మినోణ్ణి, నాకే గుర్తుండదు. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుని ఇందులో ఒక గుక్క, అందులో ఒక గుక్క తాగితేనే ఏ టీ అయినా నోరు విప్పేది.

కానీ దానికంటే ముందు నీళ్ళు.

అంగడి పెట్టిన కొత్తలో ఒక హోటలాయన నెలకి పది కిలోలు తీసుకునేవాడు. ఒకరోజు సంచి తెచ్చి గల్లా మీద పడేసి "ఏమప్పా, సరుకు మార్చినావా? గిరాకీలు టీ తాగి మూతి తిప్పుకుంటాండారు" అన్నాడు. నేనేమీ మార్చలేదు. అదే కూనూరు డస్టు (మెత్తటి టీ పొడి), అవే పాళ్ళు. సంచి తీసుకుని ఆయన హోటలుకే పోయినా. చూస్తే కుళాయి సరిగా రావట్లేదని పెరట్లో కొత్తగా బోరు వేయించినాడు. మా ఇంటి నుంచి ఒక బిందె కుళాయి నీళ్ళు తెప్పించి, ఒకే పొడి, ఒకే కొలత, రెండు గాజు గ్లాసుల్లో నానబెట్టినా. కుళాయి నీళ్ళది వెలుతురుకు పట్టుకుంటే ఎర్రగా, అంచు దగ్గర పసుప్పచ్చని గీతతో నిగనిగలాడింది. బోరు నీళ్ళది నల్లగా, మడ్డిగా ఉంది. దాని మీద సన్నటి పొర తేలింది. చెంచా కొనతో తాకితే అభ్రకం రేకు విరిగినట్టు విరిగింది. ఆయన రెండూ తాగి, మాట్లాడకుండా సంచి లోపలికి తీసుకుపోయినాడు. ఆ నెల డబ్బులు మాత్రం ఆలస్యంగానే ఇచ్చినాడు, అది వేరే కథ.

బోరు నీళ్ళలో కాల్షియం, బైకార్బొనేట్ ఎక్కువ ఉంటే టీలోని వగరంతా దానికి చిక్కుకుని ఆ పొర కడుతుంది. రుచి చచ్చిపోతుంది, వాసన అణిగిపోతుంది. మీ అనంతపురం వైపు బోర్లలో ఫ్లోరైడు గొడవ కూడా ఉండనే ఉంది. టీ మొక్క కూడా నేలలోని ఫ్లోరైడు పీల్చి ఆకుల్లో దాచుకుంటుంది, ముదురాకుల్లో ఇంకా ఎక్కువ. రెండు వైపుల నుంచీ ఎందుకు తాగడం? బోరు నీళ్ళు టీకి వద్దే వద్దు. అట్లని ఒట్టి ఆర్‌ఓ నీళ్ళు కూడా నాకు నచ్చవు. ఖనిజాలన్నీ పోయిన నీళ్ళలో టీ పీలగా, చప్పగా వస్తుంది. మూడు పాళ్ళు ఆర్‌ఓ, ఒక పాలు మంచి కుళాయి నీళ్ళు కలిపి చూడు. మాకు సుంకేసుల ఆనకట్ట నుంచి వచ్చే తుంగభద్ర నీళ్ళు పరవాలేదు. క్లోరిన్ వాసన కొట్టిన రోజు రాత్రంతా మూత తీసి పెట్టి పొద్దున వాడుకుంటా.

ఇక కొలత. టీ రుచి చూడడానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) పెట్టిన పద్ధతి ఒకటుంది, ఐఎస్ఓ 3103 అని 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్ల నీళ్ళకి 2 గ్రాముల ఆకు, మరిగే నీళ్ళు పోసి మూతపెట్టి 6 నిమిషాలు. అంతే. ఇట్లా టీ కాయడానికి ఆరు పేజీల కాగితం రాసినందుకు బ్రిటిష్ స్టాండర్డ్స్ వాళ్ళకి 1999లో ఇగ్ నోబెల్ అనే నవ్వులాట బహుమతి కూడా ఇచ్చినారు. నవ్వితే నవ్వుకోనీ. ఆ పద్ధతి కమ్మని టీ కోసం పెట్టింది కాదు, అన్నిటినీ ఒకే తక్కెట్లో తూచడానికి పెట్టింది. ఆరు నిమిషాలు నానితే ప్రతి టీ తన తప్పులన్నీ బయటపెట్టుకుంటుంది.

చెంచాతో కొలవొద్దు. ఒక చెంచా డస్టు బరువు వేరు, ఒక చెంచా డార్జిలింగ్ ఆకు బరువు వేరు. ఆ పెద్దాకు పొట్టు మాదిరి గాలి నింపుకుని ఉంటుంది. చెంచా లెక్కన వేసి "డార్జిలింగ్ పలచగా ఉంది" అంటే తప్పు నీది, దానిది కాదు. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కో. తొమ్మిది ప్యాకెట్లకి పెట్టినోడివి దీనికి వెనకాడొద్దు.

పొద్దున్నే చెయ్యి, ఉగ్గాని మిరపకాయ బజ్జీ తినకముందు. నోట్లో వక్కాకు ఉండకూడదు. అమృతాంజనం పూసుకున్న రోజు ఆ పనే పెట్టుకోవద్దు. తెల్లటి పింగాణీ కప్పులైతే రంగు తెలుస్తుంది. వాటి మీద సాసర్లు బోర్లిస్తే మూత. ఒక పూటకి మూడు టీలు చాలు, నాలుగోదానికి నాలుక మొద్దుబారుతుంది. కప్పుల అడుగున కాగితం ముక్క మీద పేరు రాసి అంటించి, ఎవరితోనైనా వాటి స్థానాలు మార్పించు. పేరు కనబడితే నువ్వు పేరునే తాగుతావు.

వడగట్టినాక ముందు ఆకు వాసన చూడు. తడి ఆకు వేడిమీద ఉన్నప్పుడు చెప్పినన్ని నిజాలు కప్పు చెప్పదు. ఆ తర్వాత చెంచాతో తీసుకుని గట్టిగా జుర్రు. మీ అవ్వ ఉండుంటే "ఏందిరా ఆ శబ్దం, గొడ్డు కుడితి తాగినట్టు" అనేది. అనుకోనీ. గాలితో కలిసి లోపలికి పోతేనే వాసన గొంతు వెనక నుంచి ముక్కుకి ఎక్కుతుంది. నమ్మకపోతే ముక్కు మూసుకుని ఒక గుక్క తాగు, సగం టీ మాయమవుతుంది. వేడిగా ఒకసారి, గోరువెచ్చగా అయినాక ఇంకోసారి. అస్సాం టీ చల్లారినాక మబ్బు పట్టినట్టు అయితే పాడయిందని పారబోసేవు. అది చిక్కని టీ లక్షణం, వేడి చేస్తే మళ్ళీ తేటగా అవుతుంది.

రుచి ఎట్లా చెప్పాలి అంటావు. ప్యాకెట్ల మీద ఇంగ్లీషులో రాసిన మాటలు చదివి అవి దొరకలేదని బాధపడొద్దు. మనకు ఆరు రుచులున్నాయి, అందులో వగరు ఉంది. టీకి కావలసిన మాట అదే. చేదుకీ వగరుకీ తేడా తెలియనంత కాలం నీకు టీ తెలియదు. కాకరకాయది చేదు, అది నాలుకకు తెలిసే రుచి. వగరంటే ఏందో తెలియాలంటే వేయించిన శెనక్కాయల (మేము బుడ్డలంటాంలే) మీది ఎర్రపొట్టు ఒలిచి, ఒట్టి పొట్టు గుప్పెడు నములు. బుగ్గల లోపల ఎండిపోయి చర్మం దగ్గరికి లాక్కున్నట్టు ఉంటుంది చూడు, అదీ వగరు. మంచి టీలో ఆ వగరు వచ్చి, నోరు కడిగినట్టు చేసి పోవాలి. చెడ్డ టీలో వచ్చి అక్కడే కూర్చుంటుంది. పాలు పోస్తే పాలలోని ప్రోటీను ఆ వగరును పట్టేసుకుంటుంది. అందుకే గట్టి అస్సాం పొడి పాలకి ఆగుతుంది, డార్జిలింగ్ పాలలో మునిగిపోతుంది. డార్జిలింగ్‌లో పాలు పోసినావని నాకు తెలిసిందంటే అనంతపురం వచ్చి కొడతా.

నువ్వు నవ్వొద్దుగానీ, మన ఇంట్లో అందరికంటే మంచి నాలుక నా చెల్లెలిది, అదే మీ అమ్మది. రెండేళ్ళ కింద ఉగాదికి మా ఇంటికి వచ్చినప్పుడు రెండో కోత డార్జిలింగ్ ఒక కప్పు పేరు చెప్పకుండా ఇచ్చినా. ఒక గుక్క తాగి, కప్పులోకి అనుమానంగా చూసి, "ఏమన్నా, ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్ళు పోసినావా?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ టీకి ప్రపంచమంతా చెప్పుకునే గుణం అదే, మస్కట్ ద్రాక్ష వాసన. మే, జూన్ కోతలో వస్తుంది. ఎందుకొస్తుందో వింటే మన పత్తి రైతులు నమ్మరు. వాళ్ళు రోజూ తిట్టుకుంటూ మందు కొట్టే పచ్చదోమ ఉందే, ఆ జాతి పురుగు టీ చిగురు రసం పీలిస్తే, మొక్క తనను కాపాడుకోవడానికి ఆ వాసన తయారు చేసుకుంటుంది. మార్చి, ఏప్రిల్‌లో వచ్చే మొదటి కోత వేరు. అది లేతగా, పూల వాసనగా, కొంచెం పచ్చిగా ఉంటుంది. నీ రెండు డార్జిలింగ్ ప్యాకెట్ల మీద ఏది ఏ కోతో చూసి, ముందు ఆ రెండింటినే పోల్చు. ఒకే కొండ, ఒకే మొక్క, రెండు నెలలే తేడా. 2004లో మన దేశంలో మొదటి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నది ఈ టీనే. ఆకు పట్టుకున్న ఆడమనిషి గుర్తు ప్యాకెట్ మీద ఉందో లేదో కూడా చూసుకో.

ఆ తర్వాత అస్సాం, నీలగిరి పక్కపక్కన పెట్టు. గ్రీన్ టీని మాత్రం వీటితో కలిపి కూర్చోబెట్టొద్దు. దానికి మరిగే నీళ్ళు పోసి ఆరు నిమిషాలుంచితే వేపాకు కషాయమే. తాగడానికైతే నీళ్ళు కాచి దించి, ఇంకో గిన్నెలోకి ఒంపి, 80 డిగ్రీలకి దిగినాక పోసి రెండు నిమిషాల్లో వడగట్టు. చైనా వాళ్ళు బాణలిలో వేయించిన రకమైతే వేయించిన పప్పుల వాసన వస్తుంది, జపాన్ వాళ్ళు ఆవిరి పట్టిన రకమైతే ఉడికించిన ఆకుకూర. ఏది ఇష్టమో నీ ఇష్టం. నాకు రెండోది ఎక్కదు.

అన్నట్టు, డస్టంటే ఊడ్చి ఎత్తిన చెత్త అనుకోవద్దు. జల్లెడ సైజు అది, అంతే. ఆరెంజ్ పెకో అనేది కూడా ఆకు గ్రేడు పేరే, అందులో నారింజ ఉండదు. ప్యాకెట్ల మీద గ్రేడు పేరుతో ఉండే ఆ పొడుగాటి అక్షరాలన్నీ ఆకు ఆకారం చెప్పేవే, రుచి చెప్పేవి కావు.

వాసన టీలు అన్నిటికన్నా చివర, వేరే కప్పుల్లో. ఎందుకో చెప్తా. ఒకసారి గోడౌన్లో జాగా లేక అగరుబత్తీల పెట్టెల పక్కన టీ బస్తా దింపించినా. నెల తర్వాత ఆ పొడి కొన్నోళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టినారు. "టీ తాగుతాంటే గుళ్ళో కూర్చున్నట్టుంది సామీ" అన్నాడొకడు. నలభై కిలోలు మట్టిపాలు. టీ ఆకుకున్న ఆ గుణాన్నే చైనా వాళ్ళు వరం చేసుకున్నారు. మల్లెపూల టీకి వాడేది మీ అమ్మ తలలో పెట్టుకునే ఆ మల్లె జాతే. సాయంత్రం మొగ్గలు టీ ఆకులో కలిపి పెడతారు, రాత్రి అవి విచ్చుకుంటాయి, ఆకు వాసన పీల్చుకుంటుంది, పొద్దున పూలు తీసేస్తారు. మళ్ళీ కొత్త పూలు, మళ్ళీ ఒక రాత్రి. కాబట్టి ప్యాకెట్లో పూరేకులు ఎక్కువ కనబడితే మురిసిపోవద్దు. పని చేసిన పూలు ఎప్పుడో బయటికి పోయుంటాయి.

ఎర్ల్ గ్రేలో వేసేది బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ తొక్క నూనె. దబ్బకాయ తొక్క గిల్లితే చేతికి అంటుకునే వాసన ఉందే, దానికి దగ్గర చుట్టం. మందారం బొమ్మ ఉన్నది అసలు టీనే కాదు. అది మన ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకులు. పుల్లగా ఉందేంటని ఆశ్చర్యపోయుంటావు, గోంగూర పుల్లగా ఉండక ఏముంటుంది? చేనుగట్టు మీద దొరికేదాన్ని విమానం ఎక్కించి తెప్పించుకున్నావు. బాగుంటే తాగు, కానీ టీతో పోల్చొద్దు.

ఈ వాసన టీలకు నా పరీక్ష ఒకటే. వడగట్టిన ఆకులోనే రెండోసారి వేడినీళ్ళు పోసి చూడు. పైన పూసిన వాసన మొదటి కప్పుతోనే చాలావరకు దిగిపోతుంది. రెండో కప్పులో మిగిలేదే అసలు టీ. మంచి మల్లెపూల టీ రెండోసారి కూడా మర్యాదగా ఉంటుంది. ఆ చాక్లెట్ టీ రెండో కప్పు ఎట్లుందో నాకు రాసి పంపు, నేను ఇప్పుడే చెప్పి నీ సరదా చెడగొట్టను.

ఇక మీదట ఏదైనా 50 గ్రాములే కొను. మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాల్లో, ఒక్కోటి విడిగా, ఇంగువ డబ్బాకి, పొయ్యికి దూరంగా పెట్టు. రంగు కలిపిన పొడి అని అనుమానం వస్తే తడి వడకాగితం మీద చిటికెడు చల్లి, కాసేపటికి దులిపి కడిగి వెలుతురుకు పట్టుకో. మరకలు మిగిలితే అంగడోడికి తిరిగిచ్చెయ్.

ఒక నోటుబుక్కు పెట్టుకుని ఒక్కో టీకి మూడే మాటలు రాయి, తెలుగులోనే. "తడి మట్టి", "మామిడి జీడి", "అవ్వ పెట్టె తీసినప్పటి వాసన", ఏది తడితే అది.

బుధవారం మీ ఊరొచ్చే బస్సులో మనోడి చేత రెండు లీటర్ల సుంకేసుల నీళ్ళు పంపిస్తాండా. అవి ఒక కప్పులో, మీ బోరు నీళ్ళు ఇంకో కప్పులో, అదే అస్సాం పొడి వేసి కాయి. రుచి చూపించేది మీ అమ్మకి. ముందు చక్కెర డబ్బా దాచిపెట్టు, లేకుంటే అడక్కుండానే రెండు చెంచాలు వేసేస్తుంది.

ఇట్లు,
మామ