కాయ రాలిన మామిడికి నీరు తగ్గించవచ్చా?

ప్రశ్న: నూజివీడు దగ్గర మాకు 12 ఏళ్ల బంగినపల్లి తోట ఉంది. ఏప్రిల్ గాలివానకు కాయంతా రాలిపోయింది. వాన పడి మూడు వారాలు దాటింది, డ్రిప్పు మునుపటిలాగే వదులుతున్నాము. ఆకులు పచ్చగానే ఉన్నా పాదుల్లో తడి ఆరడం లేదు. ఇది జబ్బా? నీరు తగ్గించవచ్చా?

జవాబు: కోతకు వచ్చిన కాయ నేలపాలు కావడం ఎంత బాధో మాకు తెలుసు. ఆకులు పచ్చగా ఉన్నాయంటే ఇది జబ్బు కాకపోవచ్చు. కాయ లేని చెట్టు నీటిని తక్కువగానే వాడుతుంది.

కాయలోకి పోయే నీరు మిగిలిపోయిందని చాలామంది అనుకుంటారు. కానీ 100 కిలోల కాయలో ఉండేది సుమారు 80 లీటర్లే, అదీ నెలల తరబడి చేరిన నీరు. అసలు కారణం ఆకులో ఉంది. కిరణజన్య సంయోగక్రియలో ఆకు తయారుచేసిన చక్కెరను కాయ లాక్కుంటున్నంత కాలం ఆకు పని చురుగ్గా సాగుతుంది. కాయ పోగానే ఆ చక్కెర ఆకులోనే పిండిపదార్థంగా పేరుకుంటుంది, ఆకు పని మందగిస్తుంది, పత్రరంధ్రాలు కొంతమేర మూసుకుంటాయి. బొగ్గుపులుసు వాయువు లోపలికి వచ్చేదీ, నీటి ఆవిరి బయటికి పోయేదీ ఆ రంధ్రాల గుండానే కనుక రెండూ కలిసే తగ్గుతాయి. కాయలన్నీ తీసివేసిన ఆపిల్ చెట్లలో ఇది స్పష్టంగా కనిపించింది. మామిడిలోనూ ఆకులకు తగినంత కాయ ఉన్న కొమ్మల్లోనే ఆకు ఎక్కువ చురుగ్గా ఉంటుంది.

అయితే ఈ తగ్గుదల ఎంతో కాలం నిలవదు. చిగుళ్లు, కొత్త వేర్లు కూడా చక్కెరను కోరేవే కాబట్టి చెట్టు చిగురు వేయగానే నీటి వాడకం మళ్లీ పెరుగుతుంది. అందుకే ఇన్ని లీటర్లు తగ్గించండని ఒకే లెక్క చెప్పడం లేదు. డ్రిప్పరుకు అడుగు దూరంలో అడుగు లోతు మట్టిని తీసి పిడికిట నొక్కండి. ఉండ కట్టి చేతికి తడి అంటితే ఆ రోజు నీరు వద్దు; ఉండ కట్టక పొడిగా రాలితే ఇవ్వండి.

కాపు పోయిందని నీరు పూర్తిగా మాత్రం ఆపవద్దు. జూన్, జులైలలో వచ్చే చిగురు బాగా ముదిరితేనే వచ్చే ఏడు ఆ కొమ్మలు పూతకు వస్తాయి. నీరు ఆపవలసిన సమయం అక్టోబరు నుంచి పూత కనిపించే వరకు. ఈలోగా ఆకులు పసుపు తిరిగినా, కొమ్మల చివర్లు ఎండినా పాదు అంచున సన్న వేర్లు తీసి చూడండి. అవి నల్లబడి మెత్తగా ఉంటే డ్రిప్పు కట్టివేసి, వెంటనే మీ మండల ఉద్యాన అధికారికి చూపండి.