ఎక్కించే ముందు ఇంకోసారి అడుగు

సిల్వర్ స్ప్రింగ్, మేరీలాండ్

చిట్టితల్లీ,

మొన్న ఆదివారం మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ మేనకోడలు ఏం చేస్తోందో తెలుసా? ఆస్టిన్‌లో పంక్ రాక్ బ్యాండ్ల పాటలు క్యాసెట్లకెక్కించి అమ్ముతుందట. ఈ రోజుల్లో క్యాసెట్లేంటే, నువ్వే నేర్పావు కదూ?" అన్నాడు. నేనేం నేర్పలేదన్నాను. ఫోన్ పెట్టేసి వంటగదిలో నిలబడి సంతోషం పట్టలేక ఏడ్చాను. కానీ ఆ రాత్రి కునుకు పట్టలేదు. నువ్వు ఇప్పుడు ఎక్కిస్తున్న బ్యాండులో పాడే అమ్మాయికి 17 ఏళ్లని మీ నాన్న మాటల్లో అన్నాడు. అది విన్నప్పుడే నా కాళ్లు చల్లబడ్డాయి. ఎందుకో చెబుతాను. ముందు చిన్న సంగతులు.

మొదటి విడతకు 50 చాలు. అట్ట మీద ఇంటి అడ్రసు వెయ్యనే వద్దు, పోస్టాఫీసులో పెట్టె అద్దెకు తీసుకో. ఈ ఒక్కటి నా మాట వినకపోతే నేనే విమానమెక్కి వస్తాను. పంపేటప్పుడు మీడియా మెయిల్ అని అడుగు. క్యాసెట్లకు ఆ చవక రేటు వర్తిస్తుంది, కాస్త ఆలస్యంగా చేరతాయంతే. మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నేషనల్ ఆడియో కంపెనీ ఇప్పటికీ క్యాసెట్లు తయారుచేస్తోంది, ఖాళీవి అక్కడ దొరుకుతాయి. రెండు వైపులా నిడివి సమంగా వచ్చేలా పాటలు సర్దు. ఎ వైపు 18 నిమిషాలు, బి వైపు 11 అయితే వినేవాళ్లు 7 నిమిషాలు ఉత్త రీలు వినాలి. టేపు సుయ్‌మనే రొద తగ్గించే డాల్బీ మీట నొక్కి ఎక్కిస్తే ఆ సంగతి అట్ట మీద రాయి. అన్నీ అయ్యాక పైనున్న చిన్న రెక్కలు విరిచెయ్యి, ఎవరూ పొరపాటున చెరపకుండా.

టేపు మీదికి పాట ఎక్కించే హెడ్ ఉంటుందే, దాని శుభ్రత గురించి మాత్రం నాలుగు మాటలు. గుంటూరు బ్రాడీపేటలో మా చిన్నప్పుడు ఒక రికార్డింగ్ షాపుండేది. పాటల లిస్టు రాసిస్తే ఎల్పీల నుంచి క్యాసెట్‌కు ఎక్కించి రెండు రోజుల తర్వాత రమ్మనేవాడు. మీ నాన్నా నేనూ కలిసి డబ్బులు పోగేసుకుని ఒక్క 60 నిమిషాల క్యాసెట్ కొని, ఏ వైపు ఎవరి పాటలని కొట్టుకునేవాళ్లం. ఆ షాపాయన స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్ తుడవందే ఒక్క పాట ఎక్కించేవాడు కాదు. వెనక పదిమంది ఎదురుచూస్తున్నా సరే. నువ్వూ అలాగే చెయ్యి. రెట్టింపు వేగంతో ఎక్కించకు, తాళం చప్పుళ్లు మొద్దుబారిపోతాయి. 30 నిమిషాల క్యాసెట్‌కు 30 నిమిషాలూ పట్టనివ్వు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

1990లో ఇక్కడి కాలేజ్ పార్క్‌లో, మేరీలాండ్ యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చాను. ఓణీలు మానేసి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. యూనివర్సిటీ రేడియో డబ్ల్యూఎంయూసీలో అర్ధరాత్రి పాటలు వింటూ ఈ పంక్ లోకంలో పడ్డాను. పొటోమాక్ నదికి అటువైపు ఆర్లింగ్టన్‌లో పాజిటివ్ ఫోర్స్ అనే పంక్ ఉద్యమకారుల ఇల్లుండేది. 1991 వేసవిలో రయట్ గర్ల్ అనే పంక్ స్త్రీవాద ఉద్యమం అమ్మాయిలు అక్కడే కలుసుకునేవారు. గుంటూరులో ఇంట్లో జరిగింది గుమ్మం దాటకూడదని పెంచారు నన్ను. ఇక్కడ అమ్మాయిలు ఇంట్లో జరిగినవి మైకులో అరిచి చెబుతున్నారు. నాకు గుండె ఆగినంత పనైంది. ఆ గొంతులు నాలుగు ఊళ్లకు పంపాలనే ఆవేశంతో క్యాసెట్లకు పాటలెక్కించే డెక్‌లు రెండు కొన్నాను.

మా కళ్లముందు వాషింగ్టన్ పంక్ రికార్డు లేబుల్ డిస్కార్డ్ ఉంది. 1980లో స్కూలు పిల్లలు తమ మొదటి రికార్డు తెస్తూ, ఒక ఇంగ్లండు రికార్డు అట్టను విప్పదీసి, దాన్ని చూసి తమ అట్టలు తామే కత్తిరించి అంటించుకున్నారు. బ్యాండ్లతో కాగితం మీద ఒప్పందాలుండేవి కావు, నోటిమాటే. ఆర్లింగ్టన్‌లోనే జెన్నీ టూమీ, క్రిస్టిన్ థామ్సన్ సింపుల్ మెషీన్స్ లేబుల్ నడుపుతూ, రికార్డెలా తేవాలో చిన్న పుస్తకం అచ్చేసి అడిగినవాళ్లకు పంపేవారు. ఇవన్నీ చూసి నాకూ అన్నీ తెలుసనుకున్నాను. నోటిమాట చాలనుకున్నాను. అవతలివాళ్ల నోటి నుంచి వచ్చే మాట చెవినపెట్టాలని మాత్రం తట్టలేదు.

1993లో నా మూడో క్యాసెట్. ముగ్గురమ్మాయిల బ్యాండు, పాడే పిల్లకు సరిగ్గా 17 ఏళ్లు. బి వైపు నాలుగో పాట వాళ్లింట్లో అమ్మ తినే దెబ్బల గురించి. వింటే ఒళ్లు గగుర్పొడిచేది. అన్నిట్లోకీ అదే గొప్ప పాట. 60 క్యాసెట్లు, ఒక్కొక్కటీ అరగంట చొప్పున 30 గంటలు కూర్చుని ఎక్కించాను. అట్టలు జిరాక్స్ తీసి, కోసి, మడిచాను. పంపబోయే ముందురోజు రాత్రి ఆ పిల్ల ఫోన్ చేసింది. "ఆ నాలుగో పాట తీసెయ్యొచ్చా?" అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. నేను ఊరుకోవాల్సింది. "అది లేకపోతే ఈ క్యాసెట్‌కు ప్రాణమే లేదు, ఎంతమంది అమ్మాయిలకు ధైర్యమొస్తుందో ఆలోచించు" అని పావుగంట చెప్పాను. ఆ పిల్ల మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారమని మనవాళ్లంటారే, నేనూ అలాగే అనుకుని పడుకున్నాను. ఆ సామెత వింటే అప్పటినుంచీ నాకు ఒళ్లు మంట.

నిజం చెప్పనా? ధైర్యం సంగతి పైకి చెప్పిన మాట. బి వైపు మళ్లీ ఎక్కించాలంటే 15 గంటల పని. దానికి బద్ధకించాను.

వాషింగ్టన్‌లోని ఫోర్ట్ రీనో పార్కులో వేసవి కచేరీల దగ్గర చేతితో 12 అమ్మాను, పోస్టులో 31 పంపాను. ఆ పన్నెండులో ఒకటి వాళ్ల బంధువుల కుర్రాడి చేతికి చేరింది, అతని నుంచి ఇంటికి. ఆ రాత్రి ఏం జరిగిందో నాకు పూర్తిగా ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల మాత్రం ఒక బ్యాగుతో స్నేహితురాలి ఇంటికి చేరింది. మళ్లీ మైకు పట్టలేదు.

కొన్న 31 మందికీ ఉత్తరాలు రాశాను, క్యాసెట్ వెనక్కి పంపండి, డబ్బులిస్తానని. 14 తిరిగొచ్చాయి. రెక్కలు విరిచిన చోట గమ్ టేపు అంటించి, ఒక్కొక్కదాంట్లో ఆ పాట ఉన్నంత మేరా చెరిపాను. అట్ట మీద దాని పేరు నల్ల సిరాతో కొట్టేశాను. నా దగ్గర మిగిలిన 17 కూడా అంతే. చేతితో అమ్మిన పన్నెండూ, పోస్టులో పోయి తిరిగిరాని పదిహేడూ ఎక్కడున్నాయో ఇవాళ్టికీ తెలియదు.

ఏడాది తర్వాత ఆ పిల్ల మెట్రోలో కనబడింది. నన్ను తిట్టలేదు. "నేను చెప్పాను కదా" అంది, తన స్టేషన్ రాగానే దిగిపోయింది.

ఆ తర్వాత ఇంకో నాలుగు తెచ్చాను. ప్రతిసారీ ఇలా చేశాను, నువ్వూ ఇలాగే చెయ్యాలి. పూర్తయిన క్యాసెట్ బ్యాండులో ప్రతి ఒక్కరికీ ఒకటిచ్చి వారం ఆగు. ఆ తర్వాత ఒక్కొక్కళ్లనీ విడిగా అడుగు. అందరూ కలిసున్నప్పుడు అడిగితే గట్టిగా మాట్లాడేవాళ్లదే మాటవుతుంది, నసిగేవాళ్లు నోరు విప్పరు. ఒక్క పేజీ కాగితం రాసుకో, ప్రతి పాట పక్కనా అవును, కాదు. ఎన్ని ఎక్కిస్తావో, అందులో వాళ్లకెన్నో రాయి. 50లో 10 వాళ్లకివ్వు. రెండో విడతకు మళ్లీ అడుగుతానని కూడా అందులోనే రాయి. పదిహేడేళ్ల పిల్ల పద్దెనిమిదికి వేరే మనిషి. నేను 14 అయినా వెనక్కి తెప్పించుకోగలిగాను. ఇవాళ పాట ఒకసారి ఆన్‌లైన్‌లో పెడితే ఏదీ వెనక్కి రాదు.

నీ బ్యాండులో పాడే పిల్ల ఫొటో అట్ట మీద అప్పుడే అచ్చేయించేశావట. తనను అడిగావా? "తనకిష్టమేలే అత్తా" అనకు. అడిగావా లేదా చెప్పు. అడక్కపోతే ఆ అట్టలు పక్కన పడెయ్యి, వాటి డబ్బులు నేను పంపుతాను. కోప్పడుతున్నానని బాధపడకు. నీకు మా అమ్మ కళ్లొచ్చాయి, ఆవిడ మొండితనం కూడా. ఈ పనికి అది కావాలి.

దీపావళికి మీ నాన్న ఇక్కడికొస్తున్నాడు. నా డెక్‌లలో మంచిది తనతో పంపుతాను, సామానులో వెయ్యకుండా చేత్తో తెమ్మను. బెల్టు కొత్తది వేయించాను. దాంతోపాటు ఆ పద్నాలుగులో ఒకటి పెడుతున్నాను, మిగతా పాటలు ముగ్గురూ ఒప్పుకున్నవే. బి వైపు మూడో పాట అయ్యాక 2 నిమిషాల 40 సెకన్లు సన్నగా సుయ్‌మనడం తప్ప ఏమీ వినబడదు. హెడ్ పాడైందనుకుని స్క్రూ తిప్పేవు. డెక్ బాగానే ఉంది.

నీ అత్త