చెక్క అరుగుకు పాచి పడుతుంటే

ప్రశ్న: పెరట్లో వేపచెట్టు కింద టేకు పలకలతో అరుగు వేయించి మూడేళ్లయింది. ఏటా వార్నిష్ వేయిస్తున్నా వానాకాలం దాటేసరికి అది పొక్కులుగా లేచిపోతోంది. పలకలు నల్లబడి, పాచి పట్టి కాలు జారుతోంది. ఏ కాలంలో ఏమి చేయాలో తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: అమ్మా, ఆలాపల్లి టేకు అడవులున్న జిల్లావారికి టేకు గట్టిదనాన్ని గురించి వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ గట్టిదనమంతా చేవలోనే, అంటే మాను నడిమి ముదురు చెక్కలోనే ఉంటుంది; అంచున మిగిలిన తెల్ల చెక్కకు పుచ్చు, చెద త్వరగా పడతాయి. అందువల్ల ముందుగా అరుగు అడుగు భాగం చూడండి. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచినప్పుడు మెత్తగా దిగిన పలకను మార్చవలసిందే. కాళ్ల వెంట చెదల మట్టిబాట కనబడితే ఆలస్యం చేయవద్దు.

వార్నిష్ మానేయండి. చెక్క వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంటే పైనున్న పొర చిట్లుతుంది. ఆ చీలికలలో దిగిన నీరు తిరిగి ఆరే దారిలేక లోపలే నిలిచిపోతుంది. చెక్కను మూసిపెట్టడం కన్నా తడిసినది త్వరగా ఆరేలా చూడడమే ముఖ్యమని నా గట్టి నమ్మకం. ఇనుప మేకుల చుట్టూ మాత్రమే నలుపు ఉంటే అది పాచి కాదు. కరక్కాయ రసంలో ఇనుము పడితే నల్లబడినట్లే, చెక్కలోని వగరు ఇనుముతో కలిసి పట్టిన మరక. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు మరమేకులు వేయించండి.

మృగశిర కార్తెకు ముందే పలకల సందులలో ఇరుక్కున్న వేపాకును పుల్లతో గీకి తీసేయాలి, ఎందుకంటే ఆ కుళ్లిన ఆకే తడిని పట్టి ఉంచుతుంది. వానల్లో వారానికోసారి గట్టి బ్రష్షుతో, చెక్క గీతల వెంబడే, నీళ్లు పోసి రుద్దండి. పూలకుండీల కింద ఇటుక ముక్కలు పెట్టండి.

అసలు పని దీపావళి తరువాతే. పాత వార్నిష్ గీకించి, కడిగి, పది రోజులు ఆరనిచ్చి, ఉప్పు కాగితంతో రుద్దించి, ‘బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్’ అనే పేరుతో అమ్మే అవిసె నూనెను నీడపట్టున పలుచగా పట్టించండి. అరగంట తరువాత పైన మిగిలినది తుడిచేయాలి. లేకపోతే జిగటగా నిలిచిపోతుంది. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో తడిపి, విప్పి ఆరవేయండి.

వేసవిలో పలక బూడిదరంగుకు తిరిగితే భయపడకండి, అది ఎండ వల్ల వచ్చే మార్పే. పలకపై నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూడండి. అవి నిలవక వెంటనే ఇంకిపోతే మళ్లీ ఒక పూత నూనె పట్టించాలి.