రిటైర్మెంటుకు ముందే సేవ మొదలుపెట్టవచ్చా? పాఠాలు చదివి రికార్డు చేసే పనిలో నా అనుభవం

రెండేళ్లలో రిటైరవుతున్నానని, ఇన్నేళ్లూ ఫైళ్లు తప్ప వేరే పని ఎరగనని రాశారు. నలుగురికీ ఉపయోగపడాలని ఉంది, సొంతంగా ఏదైనా సృష్టించాలనీ ఉంది, రెండూ కలిసే పని ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. సర్వీసులో ఉండగానే మొదలుపెట్టండి.

నేను రాజమండ్రిలో ఖజానా శాఖ ఉద్యోగిని. నా సర్వీసు కూడా చివరికి వచ్చింది. చూపులేని ఇంటర్, డిగ్రీ విద్యార్థుల కోసం తెలుగు మీడియం పాఠాలు చదివి రికార్డు చేస్తుంటాను. ఫోనే చదివి వినిపించే ఈ రోజుల్లో మనిషి గొంతు ఎందుకని నాకూ మొదట అనిపించింది. మన పుస్తకాలు చాలావరకు 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో కంపోజ్ చేసినవి. అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షర పద్ధతి) కావు కాబట్టి పీడీఎఫ్ చేతికొచ్చినా, తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటిని అర్థంలేని అక్షరాలుగా చదువుతుంది. స్కాన్ చేసిన పేజీ అయితే దానికి ఉత్త బొమ్మే. పద్యం సంగతి సరేసరి. ఎక్కడ విరవాలో యంత్రానికి తెలియదు. నేను పద్యాన్ని ముందు ఒక్క ఊపున చదువుతాను, తర్వాత పదాలు విడదీసి మళ్లీ చదువుతాను.

నన్ను ఈ పనిలోకి తెచ్చింది ఒక చరిత్ర లెక్చరర్. ఆయనకూ చూపు లేదు. మొదటి రోజే ఒక మాట చెప్పారు: "అమ్మా, పుస్తకంలో 'పటంలో చూపినట్లు' అని ఎక్కడ ఉంటుందో అక్కడ ఆగండి. మా పిల్లలకి పాఠం తెగిపోయేది అక్కడే. మీ అసలు పనీ అక్కడే." ఆ మాట నాకు ఎంత మేలు చేసిందో చెప్పలేను. బొమ్మ వేయడం, పాట పాడటం, కథ రాయడం, సృజన అంటే ఇవే అనుకునేదాన్ని. వాటిలో ఒక్కటీ నాకు రాదు. కానీ ఒక పటాన్ని చూపు అవసరం లేని మాటల్లోకి తేవాలంటే మనకు ముందు ఎవరూ చెప్పని వాక్యాలు మనమే కట్టుకోవాలి.

ఉదాహరణకి గోదావరి డెల్టా. పుస్తకంలో అరపేజీ పటం ఉంది. రెండు రోజులు ఆఫీసు బస్సులో దాని గురించే ఆలోచించి చివరికి ఇలా రికార్డు చేశాను: "కుడి చెయ్యి ముందుకు చాపండి, అరచెయ్యి కిందికి ఉంచి, బొటనవేలు లోపలికి మడవండి. మీ చెయ్యే నది. నీళ్లు మోచేతి నుంచి వేళ్లవైపు పారుతున్నాయి. మోచెయ్యి భద్రాచలం. మణికట్టు ధవళేశ్వరం, 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది ఇక్కడే. ఇప్పుడు వేళ్లు విప్పండి. చూపుడువేలు గౌతమి, దాని ఒడ్డునే యానాం. చిటికెనవేలు వసిష్ఠ, దాని కొన అంతర్వేది. వసిష్ఠ నుంచి చీలి మధ్యలో పారే వైనతేయ మీ ఉంగరపువేలు, అది ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ వేళ్ల మధ్య ఉన్న నేలే కోనసీమ." ఆ ఫైలు విన్న ఒక అమ్మాయి "మేడమ్, కృష్ణకి కూడా ఇలాగే చెప్పరా" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. నా ఉద్యోగంలో పాసు చేసిన ఏ బిల్లుకూ అంత సంతోషపడలేదు.

మీ ఫైళ్ల అనుభవం కూడా వృథా పోదు. పట్టిక చదవాలంటే మనలాంటివాళ్లే కావాలి. అంకెలు వరసగా చదువుకుంటూ పోతే వినేవాళ్లకి మూడో గడి దగ్గరే దారి తప్పుతుంది. ముందు ఎన్ని నిలువు వరసలో, వాటి శీర్షికలేమిటో చెప్పాలి. ఆ తర్వాత ప్రతి అంకెకూ ఏ సంవత్సరం, ఏ పంట అన్నది జోడించి చదవాలి. కాలమ్ వెంట కాలమ్ సరిచూసే మన అలవాటు అక్కడ అచ్చంగా పనికొస్తుంది. అర్థశాస్త్రంలో డిమాండు రేఖ వస్తే బల్ల మీద చేతికి దూరంగా ఉన్న ఎడమ మూల వేలు పెట్టి, దగ్గరగా ఉన్న కుడి మూలకు జార్చమంటాను. ధర తగ్గేకొద్దీ కొనే పరిమాణం పెరగడం వాళ్ల వేలికే తెలుస్తుంది.

ఖర్చు పెద్దగా ఉండదు. ఫోన్ రికార్డరుతో మొదలుపెట్టొచ్చు. సవరించడానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫ్యాన్ ఆపాలి, వీధి తలుపు మూయాలి. పక్క బట్టలు, దుప్పట్లు ఉన్న గదిలో కూర్చుంటే గొంతు ప్రతిధ్వనించదు. ఫోన్ నోటికి ఎదురుగా కాకుండా జానెడు దూరంలో కాస్త పక్కకు పెట్టుకుంటే ప, భ అక్షరాల దగ్గర గాలి కొట్టదు. పేజీ మారినప్పుడల్లా నంబరు చెప్పండి, లేకపోతే పరీక్షల ముందు వాళ్లు వెతుక్కోలేరు. కుక్కర్ కూతలు పడకుండా నేను తెల్లవారుజామునే కూర్చుంటాను.

పుస్తకం చదివి రికార్డు చేస్తే కాపీరైటు చిక్కు రాదా అని చాలామంది అడుగుతారు. వికలాంగుల చదువు కోసం, లాభాపేక్ష లేకుండా, వాళ్లకు అందే రూపంలోకి మార్చుకోవడానికి మన కాపీరైటు చట్టం 2012 సవరణతో వీలు కల్పించింది. చూపులేనివాళ్లకి పుస్తకాలు అందాలని కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది కూడా మనమే. రికార్డింగు ఆ విద్యార్థుల మధ్యే ఉండాలి, యూట్యూబ్‌లో అందరికీ పెట్టేయకూడదు.

పరీక్షల్లో చూపులేని విద్యార్థి చెప్పే జవాబులు రాసిపెట్టే లేఖకులుగా వెళ్లడం గురించి కూడా కొందరు చెబుతారు. మంచి పనే. కానీ చాలా పరీక్షల్లో విద్యార్థి సొంతంగా తెచ్చుకునే లేఖకుడి చదువు అభ్యర్థి చదువుకన్నా తక్కువ ఉండాలన్న నిబంధన ఉంది. డిగ్రీ చదివిన మనకు అందువల్ల అవకాశం తక్కువ. ముందే కనుక్కుని వెళ్లండి.

ఇప్పుడే మొదలుపెట్టమనడానికి నాకు బలమైన కారణమే ఉంది. ఉద్యోగంలో ఉండగా రోజుకో చట్రం ఉంటుంది, అందులో అరగంట ఇరికించడం తేలిక. రిటైరైన మా సీనియర్లను చూశాను. పొద్దు మొత్తం ఖాళీ అయ్యాక ఏ గంటకి ఏది మొదలుపెట్టాలో తేలక కొందరు నెలల తరబడి దిగాలుపడ్డారు. నేను రిటైరయ్యే రోజుకి నా పాఠం కోసం ఎదురుచూసే పిల్లలు నాకు ఉంటారు. మీరు ఏ పని ఎంచుకున్నా ఈ ఒక్కటి చూసుకోండి: మీరు చేయకపోతే ఆ వారం ఎవరికైనా లోటు తెలియాలి. లోటు తెలియని చోట మనకూ త్వరగానే ఆసక్తి పోతుంది.

దానం చేస్తున్నామన్న భావం మాత్రం పెట్టుకోవద్దు. ఆ పిల్లలు మొహమాటం లేకుండా చెబుతారు, "ఇక్కడ వేగం ఎక్కువైంది, ఈ బొమ్మ అర్థం కాలేదు" అని. వాళ్లు చెప్పినట్లు మార్చుకుంటూ పోవడంలోనే మన పని చిక్కబడుతుంది.

మీ దగ్గర్లోని అంధుల పాఠశాలకో, చూపులేని విద్యార్థులున్న డిగ్రీ కాలేజీకో వెళ్లండి. మీరు హైదరాబాద్‌లో ఉంటే బేగంపేటలోని దేవనార్ పాఠశాలలో అడిగి చూడొచ్చు. ఏ పుస్తకం కావాలో మీరు నిర్ణయించకండి, ఈ సెమిస్టర్‌కి ఏది అందలేదో వాళ్లనే అడగండి. ఒక్క పాఠం చదివి వినిపించండి, వాళ్లు చెప్పిన మార్పులు చేశాకే రెండోది మొదలుపెట్టండి. మీకు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కొంచెం వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. మా బృందంలో పువ్వు నిలువుకోత, గుండె గదుల బొమ్మలు మాటల్లో చెప్పగలవాళ్లు దొరక్క ఆ పాఠాలు అలాగే ఆగి ఉన్నాయి.