నీళ్లు కొడ్తాండావా, పిడి ఆడిస్తాండావా?

పేరు కోసం, ఫోటోల కోసం అన్నదానం చేసినా ఆకలైతే తీరుతుంది కదా, ఇక ఉద్దేశంతో పనేముంది అని ఒకరు అడిగారు. పని ఉందనే నా నమ్మకం. ఆ నమ్మకం నాకు మా ఊరి బోరింగు దగ్గర కుదిరింది.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు పల్లె. నాకు తొమ్మిదేళ్లప్పుడు పక్కింటి అవ్వకు మోకాళ్లు పట్టేసినాయి. రోజూ ఆమెకు రెండు బిందెలు కొట్టిచ్చే పని మాయమ్మ నాకు అప్పజెప్పింది. నేను పోయేది మాత్రం అవ్వ దోసిట్లో పోసే బొరుగుల కోసం. ఒకనాడు గోలీలాట వైపు చూస్తూ కొడుతున్నా. బిందె కింద పెట్టిన రాయి జరిగి బిందె ఒరిగింది. ధారంతా కాలవ పాలవుతోంది. నేను కొడుతూనే ఉన్నా. గడప మీద కూర్చున్న అవ్వ అడిగింది: "ఏమ్రా అబ్బీ, నీళ్లు కొడ్తాండావా, పిడి ఆడిస్తాండావా?"

డిగ్రీలో ఎలిజబెత్ ఆన్స్‌కోంబ్ అనే తత్త్వవేత్త 1957లో చేసిన చర్చ చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. ఆమె తీసుకున్న ఉదాహరణ కూడా పంపు కొట్టే మనిషిదే. చెయ్యి పైకీ కిందికీ ఆడుతోంది, పంపు నడుస్తోంది, తొట్టి నిండుతోంది, ఆ నీళ్లలో ఎవరో విషం కలిపి ఉన్నారు కాబట్టి ఇంట్లోవాళ్ల ఒంట్లోకి విషం ఎక్కుతోంది. కదలిక ఒక్కటే, చెప్పడానికి నాలుగు పేర్లు. అతను చేస్తున్నది వీటిలో ఏది? "ఎందుకు?" అని అడిగితే వచ్చే జవాబులోనే అది తేలుతుందంటుంది ఆమె. మా అవ్వ అడిగిందీ అదే కదా!

నేను దానికి ఒక్కటి కలుపుతాను. పని దారి తప్పినప్పుడు మనం దేన్ని సరిచేస్తామో అదే మన ఉద్దేశం. పూజకు ముందు "శ్రీశైలస్య నైరుతి ప్రదేశే" అంటూ మా వైపు సంకల్పం చెప్పుకుంటాం. అది నోటి మాట. బిందె ఒరిగితే నిలబెట్టే చెయ్యి అసలు సంకల్పం. ఆ రోజు తర్వాత నా చూపు బిందె మీదికి వచ్చింది. బొరుగుల మీద ఆశ పోలేదు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి, అందులో తప్పేమీ లేదు.

ఫలితాన్ని చూసి ఉద్దేశాన్ని కొలవకూడదని నేర్పింది మా నాయన. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల మాది. ఒక ఏడు శెనక్కాయకు ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేసింది. కాయలు పట్టని చెట్టు పీకి, పశువుల మేతకు కట్టె వామి వేసినాము. "పోనీలే అన్నా, మేత కోసం వేసినావనుకో" అన్నాడు పక్క చేనాయన. నాయన ఒప్పుకోలేదు. "మేత మిగిలింది. వేసింది కాయల కోసం" అన్నాడు. మరుసటి జూన్‌లో మళ్లీ గొర్రు తీసినాడు. మేతే చాలనుకున్నవాడు అంత పెట్టుబడి మళ్లీ మట్టిలో పోయడు.

అందుకే అన్నదానం చేసే ఆ మనిషిని ఫోటో చూసి తేల్చకండి. తిన్నవాళ్ల కడుపు నిండింది, అది నిజం, ఆ మేలును ఎవరూ కొట్టేయలేరు. కానీ రేపు కూడా అన్నం ఉంటుందా అన్నది అతని ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. చివరి బంతి దాకా ఉండి చూడండి. కెమెరాలు వెళ్లిపోయాక, అన్నం అడుగంటాక, ఇంకో పదిమంది ఆకుల ముందు కూర్చుని ఉంటే, వాళ్ల కోసం మళ్లీ ఎసరు పెట్టించాడా?