శివారులో ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. తిరుపతిలో అద్దె ఇంట్లో ఉంటున్నాము. తిరుచానూరు అవతల, స్వర్ణముఖి వైపు వేసిన ఒక లేఅవుట్‌లో 40 అంకణాల స్థలం కొని ఇల్లు కట్టుకోవాలని ఉంది. ‘తుడా’ (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్నదని, కాగితాలన్నీ సక్రమమేనని అమ్మేవారు చెబుతున్నారు. ఆ ఊరి పెద్దాయన ఒకరు మాత్రం, ‘అది చెరువు కింద మడి, వానల్లో ఒకసారి చూసి కొనుక్కో సామీ’ అన్నారు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఇద్దరి మాటా నిజం కావచ్చునండి. స్థలం ఎవరిదో, దానిని ఇళ్ల స్థలాలుగా విడగొట్టడానికి ఎవరు ఒప్పుకున్నారో కాగితాలు చెబుతాయి. వానాకాలంలో అక్కడ నీళ్లు ఎంత ఎత్తున నిలుస్తాయో తెలిసింది ఆ పెద్దాయనకే.

ముందు కాగితాల సంగతి చూద్దాం. అమ్మేవారు ఫోనులో చూపించిన లేఅవుట్ నంబరుతో సరిపెట్టుకోకుండా, ఆ నంబరునూ సర్వే నంబర్లనూ ‘తుడా’ కార్యాలయంలో స్వయంగా సరిచూసుకోండి. 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుట్ అయితే, 2016 నాటి స్థిరాస్తి చట్టం ప్రకారం అమ్మకానికి ముందే రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో, నమోదై ఉండాలి. ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ తీయించి, ఆ సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో కూడా చూడండి. మన ప్రాంతంలో డీకేటీ పట్టా భూములు చాలా ఉన్నాయి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన ఆ భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం కట్టడి చేసింది. వరుసగా ఎన్ని చేతులు మారినా, ఎన్ని స్టాంపు కాగితాల మీద రాసుకున్నా, మొదటి హక్కులోని ఆ లోటు అలాగే ఉండిపోతుంది.

ఇక అసలు విషయం నీళ్లు. తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి ఉన్నాయి. కొండ మీద కురిసిన వాన ఊరు దాటుకుని పోయి ఏట్లో కలవాలి. ఆ దారిలో పూర్వులు చెరువులు తవ్వారు. ఒక చెరువు నిండితే అదనపు నీళ్లు మొరవ మీదుగా పొర్లి, వంక గుండా కింది చెరువుకు చేరేవి. ఆ చెరువుల కింది మడులే ఇప్పుడు కాలనీలు అవుతున్నాయి. చెరువు అలాగే ఉండి, మొరవ అలాగే ఉండి, దాని కింద వంక మాత్రం రెండడుగుల సిమెంటు గొట్టంగా మారిన చోట్లు ఉన్నాయి. ఏటా వచ్చే మామూలు వానకు ఆ గొట్టం చాలుతుంది కాబట్టి, నాలుగైదేళ్లు ఎవరికీ అనుమానం రాదు. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. 2021 నవంబరులో వచ్చిన వానలకు తిరుపతిలోని పల్లపు కాలనీలు మునిగిపోయాయి, స్వర్ణముఖి పొంగింది, రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు పడి దిగువ పల్లెల జనాన్ని ఖాళీ చేయించవలసి వచ్చింది. ఆ వారంలో మీరు కొనదలచిన స్థలం ఎలా ఉండిందో కనుక్కోవడమే మీ మొదటి పని. అమ్మేవారిని కాక, పక్క వీధిలో అప్పటికే కాపురమున్న వాళ్లను అడగండి. గోడల మీద నీటి చారలు వెతకండి. ఇళ్ల గేట్ల ముందు ఇటుకలతో అడ్డుకట్టలు కనిపిస్తే, అవి ఎందుకు కట్టారో అడగండి.

ఆ తర్వాత గ్రామ పటమూ, ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలూ సంపాదించండి. వాటిలో వంక పోరంబోకు, చెరువు పోరంబోకు ఎక్కడున్నాయో గీత గీసి ఉంటుంది. ఆ గీతకు మీ స్థలం ఎంత దూరమో సర్వేయరు చేత కొలిపించండి. 2017 నాటి రాష్ట్ర భవన నిబంధనలు 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు చిన్న చెరువుకు 9 మీటర్లు వదలమన్నాయి. ఇది అతి తక్కువ హద్దు మాత్రమే. మొరవకు ఎదురుగా ఉన్న స్థలం 30 మీటర్ల అవతల ఉన్నా నాకు నమ్మకం కలగదు.

ఇంత చూశాక కూడా కొనాలనిపిస్తే, ఇప్పటి రోడ్డు ఎత్తును చూసి పునాది వేయకండి. రోడ్డు వేసిన ప్రతిసారీ కొంత ఎత్తు పెరుగుతుంది; పదేళ్లకు మీ వాకిలి పల్లంలో పడుతుంది. తాగునీటిని గురించి కూడా విడిగా అడగండి. నగరానికి కల్యాణి డ్యాం నుంచి, తెలుగుగంగ నుంచి నీళ్లు వస్తున్నాయి గాని, ఆ పైపు మీ వీధిదాకా వచ్చిందో లేదో వేరే సంగతి. రాకపోతే బోరు, ఎండాకాలంలో ట్యాంకరు ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. ఈ పనులన్నీ అయ్యేదాకా అడ్వాన్సు ఇవ్వవద్దు. నవంబరు వెళ్లేదాకా ఆగమంటే అమ్మేవారు కోప్పడవచ్చు, కోప్పడనివ్వండి; అది మీ జీవితకాలపు కష్టార్జితం.

ప్రశ్న: మేము కరకంబాడి రోడ్డు వైపు ఒక కాలనీలో ఉంటున్నాము. లేఅవుట్ ప్లానులో పార్కు అని చూపిన జాగాలో ఇప్పుడు రాళ్లు నాటి, ప్లాట్లుగా అమ్ముతున్నారు. కాలనీలో కొందరు అక్కడ గుడి కట్టేస్తే ఎవరూ ముట్టుకోరని అంటున్నారు. ఏది మంచిది?
— ఒక గృహిణి

జవాబు: అమ్మా, అనుమతి పొందిన లేఅవుట్‌లో పదో వంతు జాగాను ఖాళీ స్థలంగా వదిలి, రిజిస్టరు చేసిన దానపత్రంతో స్థానిక సంస్థకు అప్పగించాలి. అప్పగించాక అది లేఅవుట్ వేసినవారిది కాదు. అందుచేత సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ దానపత్రం నకలు, సమాచార హక్కు చట్టం కింద ‘తుడా’ నుంచి ఆమోదించిన ప్లాను నకలు తీసుకోండి. ఆ చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. కనీసం 7 మంది కలిసి 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల నమోదు చట్టం కింద కాలనీ సంఘాన్ని రిజిస్టరు చేయించి, ఆ సంఘం పేరుతో పంచాయతీకీ, ‘తుడా’కూ, కలెక్టరు అర్జీలు తీసుకునే రోజునా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ జాగాలో ప్లాటు కొనబోయేవారికి కూడా ఈ కాగితాలు చూపించండి. కొనేవారు లేకపోతే అమ్మకం దానంతట అదే ఆగుతుంది.

గుడి మాట గురించి మనసు నొచ్చుకోకుండా వినండి. పార్కుల్లోనూ రోడ్లమీదా కొత్తగా ఏ మతపు కట్టడాన్నీ అనుమతించవద్దని 2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పైగా గుడి కట్టిన నాడు ఆక్రమణదారుకూ మీకూ చట్టం దృష్టిలో తేడా ఉండదు, మీ ఫిర్యాదు బలం పోతుంది. పంచాయతీ అనుమతితో చుట్టూ కంచె వేయించి, వేప, కానుగ, నేరేడు మొక్కలు పెట్టి, పిల్లలు రోజూ ఆడుకునేటట్టు చూడండి. వాడుకలో ఉన్న జాగా మీద చేయి వేయడం కష్టం.

ప్రశ్న: ఎస్వీ యూనివర్సిటీ వెనుక, కొండ వైపు మా వీధి. చిరుత తిరుగుతోందని తరచూ వింటున్నాము. చిన్న పిల్లలున్నారు, ఏం చేయాలి?
— ఒక తల్లి

జవాబు: 2023లో అలిపిరి నడకదారిలో పిల్లల మీద జరిగిన దాడులు, అందులో ఒక పాప చనిపోవడం ఎవరూ మరువలేదు, మీ భయం సహజమైనది. చిరుత వీధిలోకి వచ్చేది ఎక్కువగా కుక్కల కోసం, పందుల కోసం. అవి చేరేది చెత్త దగ్గర. కాబట్టి అడవి అంచున చెత్తా, కోడి మాంసం వ్యర్థాలూ పారబోయడాన్ని మీ వీధి పట్టుబట్టి ఆపాలి. ముళ్లపొదలు కొట్టించి, దీపాలు వెలిగేటట్టు చూసుకోండి. పొద్దు గుంకాక పిల్లలను పెద్దల తోడు లేకుండా ఇంటి బయట వదలకండి. చిరుత కనిపిస్తే వెంటపడటం, ఫోనుతో వీడియో తీయడం మానేసి, ఇంట్లోకి వెళ్లి అటవీ శాఖవారికి చెప్పండి. వాళ్ల రేంజి కార్యాలయం నంబరును ఈ రోజే కనుక్కుని ఇంట్లో అందరికీ కనిపించేచోట రాసిపెట్టండి.